ఇంట్లో 95, పోటీలో 88: చివరి 20 షాట్లకి నాకేమవుతోంది?

నాగావళి19
మాది రాయగడ. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలెట్టి రెండేళ్లయింది. తాతయ్య వాళ్ల మూసేసిన రైస్ మిల్లు గోడౌన్‌లో టేపుతో పది మీటర్లు కొలుచుకుని, వెనక ఇనప రేకు, దాని ముందు పాత గోనెలు కట్టుకుని కాగితం కార్డుల మీద ప్రాక్టీసు చేస్తాను. రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది, వాల్తర్ కంపెనీది, మావయ్య కొనిచ్చాడు. ఇంట్లో పది షాట్లకి వందకి 95, 96 వస్తాయి. ఒక్కోసారి 97.

పోయిన నెల రాష్ట్ర స్థాయి పోటీకి భువనేశ్వర్ వెళ్లాను. 60 షాట్లు. పది షాట్లకో సిరీస్. నావి ఇవీ: 94, 95, 93, 91, 88, 88. మొత్తం 549. మొదటి ముప్పై దాకా అంతా బాగుంది. తర్వాత రైఫిల్ ముందున్న గురి రింగులో టార్గెట్ నల్లచుక్క నిలబడలేదు. ఎంత ఆపితే అంత వణికింది. అయ్యాక అక్కడి కోచ్ ఒకాయన "నీకు చెయ్యి ఉంది, మైండ్ లేదు" అన్నారు. హీరాఖండ్ రైల్లో ఇంటికొచ్చేదాకా అదే మాట చెవుల్లో. ఒంటికైతే కసరత్తు చేస్తాం. మైండ్‌ని ఏం చేస్తే బలపడుతుంది? ధ్యానం చెయ్యమంటే చేస్తాను. ఎన్ని నిమిషాలో, ఎప్పుడో చెప్పండి.

బరంపురం_బాబాయ్
మీ కోచ్ అన్నమాట కటువుగా ఉందిగానీ తప్పు లేదమ్మా. నేను ఫౌజులో ఇరవై రెండేళ్లు చేసి వచ్చినవాణ్ణి. రేంజిలో మొదటి పది రౌండ్లు అందరూ కొడతారు. తర్వాతవి మనసు కొడుతుంది. పొద్దున్నే లేచి అరగంట ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చో. నెల తిరిగేసరికి నీకే తెలుస్తుంది.

జయపురం_జేపీ
ముందు రైఫిల్ చూడండి. సెకండ్ హ్యాండ్ అంటున్నారు, గాలి సిలిండర్ ప్రెషర్ ఎంత ఉంది? 200 బార్ నింపుకుని మొదలెట్టారా? సగం దాటాక ప్రెషర్ పడిపోతే పెల్లెట్ (సీసం గుండు) కిందకి పోతుంది. గాలిని సమంగా వదిలే రెగ్యులేటర్ సీలు అరిగినా అంతే. పెల్లెట్ తల సైజు ఎన్ని మిల్లీమీటర్లది వాడుతున్నారు, 4.49 ఆ, 4.50 ఆ? డబ్బా మార్చారా? ఇవి తేల్చకుండా మనసు దాకా ఎందుకు వెళ్లడం.

గుణుపురం_గిరి
జేపీ అన్న ఎవరికి జ్వరం వచ్చినా ముందు థర్మామీటర్ మార్చమంటాడు 😄

జయపురం_జేపీ
థర్మామీటర్ పాడైతే జ్వరం తప్పే చూపిస్తుంది గిరీ. నేనడిగింది తప్పేం కాదు.

సునాబెడ_సూరి
జేపీ అడిగినదాన్ని తేల్చడానికి తేలికైన దారి ఉంది. బల్ల మీద ఇసక సంచి పెట్టి, రైఫిల్‌ని దాని మీద ఆనించి, ఒకే కార్డు మీద పది కొట్టండి. తర్వాత సిలిండర్ మీరు పోటీ ముగించినప్పటి ప్రెషర్‌కి వచ్చేదాకా వాడి, కొత్త కార్డు మీద మళ్లీ పది. రెండూ ఒకే చోట ఒకే చిల్లుగా పడితే రైఫిల్ మంచిదే. వారం ఊహించడం కన్నా ఒక గంట పని.

నాగావళి19
సూరి గారూ, ఇవాళ సాయంత్రమే చేశాను. 190 బార్ దగ్గర పది, 90 దగ్గర పది. రెండు కార్డులూ దీపానికి ఎదురుగా పట్టి చూస్తే ఒక్కోదాంట్లో ఒకే చిల్లు, బఠాణీ గింజంత కూడా లేదు. రెండూ మధ్యలోనే. రైఫిల్ తప్పు లేదు. అంటే నేనే.

జయపురం_జేపీ
సరే, రైఫిల్ మీద కేసు కొట్టేశాను. టెస్ట్ చేసినందుకు థాంక్స్. చాలామంది చెయ్యరు.

కిమిడి_అక్క
నాగావళీ, "అంటే నేనే" అని అప్పుడే తీర్పు రాసుకోకు. మాది పర్లాకిమిడి. నేను రాష్ట్ర స్థాయిలో ఏడేళ్లు కొట్టాను, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఇంట్లో 60 షాట్లు ఒకే బిగిన, షూటింగ్ జాకెట్ విప్పకుండా, పోటీలో ఇచ్చే 75 నిమిషాల్లో ఎప్పుడైనా కొట్టావా?

నాగావళి19
లేదక్కా. ఇరవై కొట్టి, జాకెట్ విప్పి, టీ తాగి, మళ్లీ ఇరవై. అమ్మ పిలిస్తే మధ్యలో వెళ్లొస్తాను కూడా.

కిమిడి_అక్క
అదీ. నీ మైండ్‌కి ఏ జబ్బూ లేదు తల్లీ. నలభై ఒకటో షాటు అంటే ఏమిటో నీ ఒంటికి తెలీదు. ఐదు కిలోల దగ్గర బరువు చేతిలో పెట్టుకుని, బిగుతు జాకెట్‌లో గంట నిలబడ్డాక నడుం ఏం చేస్తుందో, పాదాలు ఎటు జరుగుతాయో నువ్వు ఇంట్లో ఒక్కసారీ చూడలేదు. మొదటిసారి చూసింది పోటీలో. చూసి భయపడ్డావు. ఎవరైనా భయపడతారు. దాన్ని "మైండ్ లేదు" అనడం నాకు కోపం తెప్పించింది. ఆడపిల్లలకి ఆ మాట తొందరగా అంటించేస్తారు.

నా కాలంలో ఆడవాళ్లకి 40 షాట్లే. 2018 నుంచి మగవాళ్లతో సమానంగా 60 చేశారు. నేను అప్పటికి మానేసే వయసులో ఉన్నాను, అయినా ఒక ఏడాది కొట్టాను. నాకు కూడా సరిగ్గా నలభై దాటాకే పడిపోయేది స్కోరు. అంతకు ముందు ఆరేళ్లు నా మైండ్ బాగానే ఉంది, ఆ ఏడాది నలభై ఒకటో షాటు నుంచే పాడైపోయిందా? ఒంటికి అలవాటు లేదంతే. నాలుగు నెలలు పట్టింది సర్దుకోవడానికి.

బరంపురం_బాబాయ్
అక్కగారి మాట కాదనను. అయినా ఒళ్లు అలిసినప్పుడు గట్టిగా నిలబెట్టేది మనసే కదమ్మా?

కిమిడి_అక్క
బాబాయ్ గారూ, గట్టిగా నిలబెట్టడమే ఇక్కడ చెడగొట్టేది. స్టాండింగ్‌లో కండ పట్టకూడదు, ఎముక మొయ్యాలి. ఎడమ మోచెయ్యి వచ్చి నడుం ఎముక మీద కూర్చోవాలి, కింద కాలు నిటారుగా స్తంభంలా ఉండాలి, రైఫిల్ బరువు మోచేతి నుంచి నడుం, నడుం నుంచి మడమ, మడమ నుంచి నేలకి పోవాలి. చెయ్యి బిగించావంటే వణుకు మొదలు.

బల్లార్ష_మల్లేశ్
చెల్లె, నేను బల్లార్షల ఉంట, బొగ్గు గనిల పని. నేను గూడ ఎయిర్ రైఫిలే. అక్క చెప్పింది నిజమే గాని, మైండ్ అనేదే లేదంటే నేనొప్పుకోను. నేను ఇంట్ల 60 ఒక్కసారే కొడ్త, జాకెట్ విప్ప. అయినా పోటీల నాకు మొదటి పదే ఖరాబైతయి. గుండె గింత జోరుగ కొట్టుకుంటది, ప్రతి దెబ్బకు నల్లచుక్క రింగుల ఎగుర్తది. పది షాట్లైనంక మంచిగైత. గది అలవాటు లేక కాదు, భయమే. నీది చివర పోతది, నాది మొదట పోతది. రెండూ ఒక్క రోగం కాదు.

కిమిడి_అక్క
మల్లేశ్, ఒప్పుకుంటున్నాను. నీది వేరే. మొదట్లో గుండె కొట్టుకోవడం అందరికీ ఉంటుంది. అది ఆగదు, ఆపాలని చూడకు. సైటింగ్‌కి, అంటే ముందు గురి సరిచూసుకోవడానికి, ఇచ్చే 15 నిమిషాల్లో ఎన్ని కొడతావు?

బల్లార్ష_మల్లేశ్
ఐదారు. పెల్లెట్లు దండగ ఎందుకని.

కిమిడి_అక్క
పాతిక దాకా కొట్టు. లెక్కలోకి రాని షాట్లు అవే. నీ భయాన్ని వాటి మీద ఖర్చు పెట్టు. మొదటి లెక్క షాటు వచ్చేసరికి అది నీకు ఇరవై ఆరోది కావాలి.

గుణుపురం_గిరి
"భయాన్ని వాటి మీద ఖర్చు పెట్టు", ఈ మాట రాసి గోడకి అంటించుకుంటున్నాను.

నా కథ ఒకటి. ఎన్సీసీ క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఫైరింగు. పడుకుని, పాతిక మీటర్లు, ఐదు రౌండ్లు, గ్రూపింగు కొలుస్తారు. నా కార్డు తెచ్చి చూస్తే మూడే చిల్లులు. పక్కోడి కార్డులో ఏడు. వాడికి అంత సంతోషం ఎప్పుడూ చూళ్లేదు. ఉస్తాద్ ఏమీ తిట్టలేదు, "ప్రతి గోలీకి ముందు నీ టార్గెట్ నంబరు చదువు, పైకి చదువు" అన్నాడు. ఇప్పటికీ లేన్ నంబరు పెదాలతో చదువుతాను.

సునాబెడ_సూరి
గిరీ, నీకు చాలా పెద్ద తోడు ఉన్నాడు. అమెరికాకి చెందిన మాథ్యూ ఎమన్స్, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టేది) ఫైనల్. ఆఖరి షాటుకి ముందు అందరికన్నా పైన ఉన్నాడు. ఆఖరిది పక్క లేన్ టార్గెట్‌లో కొట్టాడు. మొదటి స్థానం నుంచి ఎనిమిదికి పడిపోయాడు. 2008 బీజింగ్‌లో మళ్లీ అదే ఈవెంట్, మళ్లీ ముందున్నాడు, ఆఖరి షాటు 4.4 (ఫైనల్లో ఒక్కో షాటుకి 10.9 దాకా ఉంటుంది). నాలుగో స్థానం. అయినా 2012 లండన్‌కి వచ్చి అదే ఈవెంట్‌లో కాంస్యం తీసుకెళ్లాడు. నాగావళీ, 88 చూసి బెంగపడేటప్పుడు ఆ 4.4 గుర్తు తెచ్చుకో.

బల్లార్ష_మల్లేశ్
అదే బీజింగ్ల మన అభినవ్ బింద్రా ఆఖరి షాటు 10.8 కొట్టి గోల్డ్ తెచ్చిండు. మా మహారాష్ట్ర సంగతి గూడ చెప్పుకోవాలె: కొల్హాపూర్ దిక్కు పల్లెటూరి పిల్లగాడు స్వప్నిల్ కుసాలే, అప్పుడు రైల్వేల టికెట్ కలెక్టర్, 2024 పారిస్ల త్రీ పొజిషన్స్ల కాంస్యం. గా రోజు మా గని క్యాంటీన్ల టీవీ ముంగట షిఫ్టు దిగినోళ్లు స్నానం గూడ చెయ్యకుంట నిలబడ్డరు.

వంశధార_వాసు
నేను కొత్త. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదా? మా ఊళ్లో ఒకాయన కావాలంటాడు, ఒకాయన వద్దంటాడు.

బరంపురం_బాబాయ్
పాయింట్ వన్ సెవెన్ సెవెన్, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ శక్తి దాటనిది అయితే లైసెన్సు అక్కర్లేదు. అంతకన్నా పెద్ద బోరుకీ, ఎక్కువ శక్తికీ కావాలి. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను బాబూ: మన కొండ ఊళ్లలో ఎయిర్‌గన్ కొనగానే కొంగ మీదకీ పావురం మీదకీ ఎత్తే గుంటలు ఉన్నారు. అది నేరం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. కాగితం మీద తప్ప దేని మీదా ఎత్తనని నీకు నువ్వు మాటిచ్చుకున్నాకే కొను.

కిమిడి_అక్క
బాబాయ్ గారి మాటకి ఇంకోటి కలుపుతున్నాను. కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోవద్దు. పెల్లెట్ అంటే సీసం. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

వంశధార_వాసు
సరే అక్కా, సరే బాబాయ్. ఇంతకీ పది మీటర్లు అంటే అంత కష్టమా? మా అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో బుడగలు బాగానే కొడతాను.

సునాబెడ_సూరి
లెక్క చెప్తాను, నువ్వే చూడు. కార్డులో 10 అనేది అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, అంటే పెల్లెట్ మధ్యభాగం చుక్క మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. పది మీటర్ల దూరంలో రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని రైఫిల్ మీదకి లెక్కకట్టు: గురి చూసే వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య ముప్పావు మీటరు అనుకుంటే, ముందు సైటు 0.2 మిల్లీమీటర్లు పక్కకి జరిగిందంటే నీ 10 పోయి 9 వస్తుంది. నోటుబుక్కులో రెండు కాగితాల మందం. దీనికితోడు నువ్వు ఊపిరి పీలుస్తున్నావు, గుండె కొట్టుకుంటోంది, నిలబడి ఉన్నావు.

గుణుపురం_గిరి
యాత్రలో ఆ బుడగల తుపాకీలకి గొట్టమే వంకర. దాంతో తగిలించగలిగితే వాసుకి నిజంగా చెయ్యి ఉన్నట్టే.

నాగావళి19
అక్కా, నువ్వు చెప్పినట్టు నిన్న 60 ఒకే బిగిన కొట్టాను. అమ్మకి చెప్పి, ఫోన్ ఇంట్లో వదిలేసి, గోడౌన్ తలుపు వేసుకుని. 93, 94, 92, 90, 87, 89. పోటీలో వచ్చినట్టే వచ్చింది! ఎవరూ చూడకపోయినా. అది చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు, కానీ గుండెల మీద రాయి తీసినట్టయింది.

కార్డులు వరసగా పరిచి చూస్తే ఇంకోటి కనిపించింది. చివరి ఇరవైలో చెడ్డవన్నీ ఒకే వైపు. కుడికి, కొంచెం కిందకి. చెల్లాచెదురుగా లేవు.

సునాబెడ_సూరి
అదే కావలసింది. భయం అన్ని వైపులా చెదరగొడుతుంది. ఒకే వైపు పోతోందంటే ఏదో ఒకటి జరిగింది అక్కడ.

కిమిడి_అక్క
సూరి గారన్నది పూర్తిగా ఒప్పుకోను, భయంతో ట్రిగ్గర్ గుంజేవాళ్లవీ ఒకే వైపు పోతాయి. కానీ దీని సంగతి నాకు పాదాలనిపిస్తోంది. మధ్యలో రైఫిల్ స్టాండ్ మీద పెట్టి, చెయ్యి దులుపుకుని, మళ్లీ ఎత్తుకున్నావు కదా. పాదాలు కదిలాయా?

నాగావళి19
కదిలి ఉంటాయి. ముప్పై తర్వాత నీళ్లు తాగాను. ఎక్కడ నిలబడ్డానో గుర్తు పెట్టుకోలేదు.

కిమిడి_అక్క
దొరికింది. ఇప్పుడు చెప్పేది నెమ్మదిగా చదువు.

రైఫిల్ ఎత్తి, మోచెయ్యి నడుం మీద కూర్చోపెట్టి, చెంప రైఫిల్ చెక్కకి ఆనించి, గురి చూసి, కళ్లు మూసుకో. రెండు ఊపిర్లు తియ్యి. ఒళ్లు వదిలెయ్యి. కళ్లు తెరువు. రైఫిల్ ఎటు చూస్తోందో అదే నీ నేచురల్ పాయింట్. అది నల్లచుక్కకి ఎడమగా ఉంటే చేత్తో లాగకు. వెనక పాదం పిసరంత జరుపు, మళ్లీ కళ్లు మూసి చూడు. పైకో కిందకో ఉంటే ఊపిరితోనో, చేతి కింద పట్టుతోనో సర్దుకోవాలి. కళ్లు తెరిచేసరికి నల్లచుక్క దానంతటదే రింగులో కూర్చుని ఉండాలి.

పాదం జరిగి, నువ్వు చూసుకోకుండా మళ్లీ నిలబడితే, రైఫిల్ కుడివైపు చూస్తుంటుంది, నువ్వు చేత్తో చుక్క మీదకి లాగి పట్టుకుంటావు. ట్రిగ్గర్ పడే క్షణంలో చెయ్యి వదులవుతుంది, రైఫిల్ తన చోటుకి వెళ్లిపోతుంది. పెల్లెట్ కుడికి పోతుంది. నువ్వేమో "చుక్క మీదే ఉంది కదా, ఎలా పోయింది" అని జుట్టు పీక్కుంటావు. పీక్కున్నావు కూడా కదూ?

నేల మీద పాదాల చుట్టూ సుద్దముక్కతో గీసుకో. పోటీలో సుద్ద ఒప్పుకోకపోతే, నేల మీద గచ్చు గీతో మరకో చూసి బొటనవేలు ఎక్కడుందో గుర్తు పెట్టుకో. రైఫిల్ స్టాండ్ మీద పెట్టి కాళ్లు కదిపిన ప్రతిసారీ కళ్లు మూసి తెరిచి చూడు. ప్రతిసారీ.

నాగావళి19
పీక్కున్నాను అక్కా. నిజంగా.

జయపురం_జేపీ
ముందు సైటు రింగు ఎంత సైజు పెట్టుకున్నారు? ఇది రైఫిల్ మీద నింద కాదు, అడుగుతున్నాను.

నాగావళి19
3.4 మిల్లీమీటర్లు. చిన్నదైతే గురి ఖచ్చితంగా ఉంటుందని.

జయపురం_జేపీ
అక్కడే చాలామంది పడతారు. రింగు బిగుతుగా ఉంటే నల్లచుక్క చుట్టూ తెలుపు సన్నగా కనిపిస్తుంది. చిన్న కదలిక కూడా పెద్దగా కనిపించి మీరు చుక్క వెంట పరిగెడతారు. 4.0 పైన పెట్టి చూడండి. తెలుపు వెడల్పుగా, కుదురుగా కనిపిస్తుంది. రెండో కన్ను మూసుకుంటున్నారా?

నాగావళి19
మూసుకుంటాను.

జయపురం_జేపీ
వద్దు. ఒక కన్ను గట్టిగా మూస్తే రెండోది కూడా అలిసిపోతుంది. వెనక సైటుకి తెల్లటి చిన్న ప్లాస్టిక్ పట్టీ తగిలించుకుని రెండూ తెరిచి ఉంచండి. పాల డబ్బా మూత కత్తిరించినా సరిపోతుంది, ఎత్తు 30 మిల్లీమీటర్లు దాటకుండా.

గుణుపురం_గిరి
జేపీ అన్న సామాను ఖాతాలో మొదటి విజయం నమోదైంది.

బల్లార్ష_మల్లేశ్
చెల్లె, ఇంకోటి. ఒక్క షాటుకు ఎంతసేపు పడ్తున్నవ్? మనసుల లెక్కపెట్టు.

నాగావళి19
ఇవాళ తమ్ముణ్ణి పక్కన కూర్చోపెట్టి లెక్కపెట్టించాను. మొదటి ఇరవైలో ఊపిరి ఆపాక ఆరేడు సెకన్లకి ట్రిగ్గర్. చివరి ఇరవైలో పన్నెండు, పదమూడు. ఒకసారి పదిహేను! నాకు అంతసేపు అనిపించనే లేదు.

బల్లార్ష_మల్లేశ్
గదే. ఎనిమిది దాటితే కండ్లకు గాలి అందది, చుక్క అంచులు కరుగుతున్నట్టు కొడ్తది. అప్పుడు "ఇప్పుడన్న కొడ్దాం" అని గుంజుతం. ఎనిమిది దాటిందా, దించు. స్టాండు మీద పెట్టు. రెండు ఊపిర్లు తీస్కొని మల్ల ఎత్తు. నేను ఒక పోటీల 60 షాట్లకు ముప్పై సార్లు దించిన. పక్కలున్న పిల్లగాడు నా దిక్కు అట్లనే చూసిండు.

బరంపురం_బాబాయ్
ఇదిగో, ఇక్కడే నా మాట. దించడానికే మనసు కావాలమ్మా. కొట్టడానికి కాదు. టైము పోతోందని, పక్కోడు అయిపోతున్నాడని, ఎత్తింది ఎలా దించనని, అన్నీ ఒకేసారి చెవిలో చెప్తాయి. అవన్నీ విని కూడా దించగలిగినవాడే నిలబడతాడు. అక్క చెప్పిన ఒంటి కసరత్తు ముందు. నేను చెప్పిన ధ్యానం దీనికి.

కిమిడి_అక్క
బాబాయ్ గారూ, ఈ మాటకి నేను మీ పక్షమే. నాగావళీ, 75 నిమిషాల్ని 60తో భాగిస్తే ఒక్కో షాటుకి నిమిషంపావు. టైము గురించి బెంగ వద్దు. ఇంట్లో కావాలని దించడం ప్రాక్టీసు చెయ్యి. ప్రతి ఐదో షాటు, బాగున్నా సరే, ట్రిగ్గర్ మొదటి దశ దాకా తీసుకుని దించెయ్యి. చెయ్యికి ఆ దారి కూడా తెలియాలి.

వంశధార_వాసు
గుండె దడకి మా మెడికల్ షాపులో ఒక మాత్ర ఉందట, పరీక్షలప్పుడు వేసుకుంటారట. పోటీకి ముందు అది వేసుకుంటే?

కిమిడి_అక్క
వద్దు, వద్దు. ఆ మాటే వద్దు. అవి బీటా బ్లాకర్లు, ప్రొప్రనొలాల్ లాంటివి. షూటింగులో పోటీ రోజే కాదు, పోటీ లేని రోజుల్లో కూడా నిషేధం. దొరికితే ఏళ్ల తరబడి బయటే. పైగా డాక్టరు చెప్పకుండా గుండె మాత్ర మింగడం ఏమిటి నాయనా. ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి వస్తుంది.

వంశధార_వాసు
తెలీక అడిగాను అక్కా. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

బరంపురం_బాబాయ్
అడగడం మంచిదే అయింది. తెలియని గుంటలు ఇంకా ఎంతమంది చదువుతున్నారో.

సునాబెడ_సూరి
నాగావళీ, ఇంకో తేడా ఎవరూ ఎత్తలేదు. నువ్వు ఇంట్లో కాగితం మీద కొడతావు, పోటీలో ఎలక్ట్రానిక్ టార్గెట్. ప్రతి షాటుకీ మానిటర్‌లో స్కోరు పడుతుంది. చూశావా?

నాగావళి19
ప్రతిసారీ చూశాను. మొత్తం ఎంతైందో మనసులో కూడుకుంటూనే ఉన్నాను. 35 దగ్గర "ఇలాగే వెళ్తే 560 దాటుతుంది" అనుకున్నట్టు గుర్తు. అక్కడి నుంచే పోయింది.

సునాబెడ_సూరి
మానిటర్ చూడటం మానలేవు, సైటు సర్దుకోవడానికి కావాలి. వరస మార్చు. ట్రిగ్గర్ పడ్డాక గురిలోనే ఒక సెకను ఉండు, రైఫిల్ దించకుండా. చుక్క ఎటు కదిలిందో చూడు. "కుడికి, తొమ్మిది" అని నువ్వే ముందు చెప్పు. తర్వాతే మానిటర్ వైపు తల తిప్పు. నీ మాటా మానిటరూ కలిస్తే నువ్వు షాటుని చూస్తున్నట్టు. కలవకపోతే ఆ క్షణంలో కన్ను మూసుకున్నావనో, ట్రిగ్గర్ లాగావనో అర్థం. ఇంట్లో తమ్ముడు దుర్బిణీతో కార్డు చూసి చెప్పొచ్చు.

కిమిడి_అక్క
నా పాత డైరీలో స్కోరు రాసే గడి లేదు. షాటు నంబరు, దాని పక్కన టిక్కో సున్నానో. ఎత్తడం, ఊపిరి, ట్రిగ్గర్, ఆగడం, నాలుగూ అనుకున్నట్టు జరిగితే టిక్కు, 8 పడినా సరే. ఏదైనా తప్పితే సున్నా, 10 పడినా సరే. తప్పుగా కొట్టిన 10 అన్నిటికన్నా చెడ్డది, నీకు తప్పు నేర్పి పోతుంది.

జయపురం_జేపీ
ఈ డైరీ పద్ధతి నేనూ మొదలెడుతున్నాను అక్కా.

నాగావళి19
ఐదు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు. నిన్న జిల్లా క్లబ్ పోటీ జరిగింది. 93, 94, 92, 93, 90, 92. మొత్తం 554. గతంకన్నా ఐదే ఎక్కువ. కానీ చివరి ఇరవై 176 నుంచి 182 అయింది. 19 సార్లు దించాను, లెక్క రాసుకున్నాను. మొదటిసారి దించేటప్పుడు చేతులు వణికాయి, వెనక జనం చూస్తున్నారనిపించి. ఐదారు సార్లయ్యాక ఎవరున్నారో గుర్తే లేదు.

రింగు 4.1కి మార్చాను. పెల్లెట్ లేకుండా ముప్పై డ్రై ఫైరింగులు రాత్రి అన్నం ముందు, గోడ మీద నల్లచుక్క అంటించి. ధ్యానం కూడా బాబాయ్, అరగంట కుదరక పది నిమిషాలు.

బరంపురం_బాబాయ్
పది నిమిషాలు చాలమ్మా. సంతోషం.

బల్లార్ష_మల్లేశ్
శభాష్ చెల్లె! నేను గూడ చెప్త: సైటింగ్ల ఇరవై నాలుగు కొట్టిన, మొదటి సిరీస్ 92 నుంచి 95కు వచ్చింది. అక్కకు ఒక దండం.

కిమిడి_అక్క
నాగావళీ, ఐదో సిరీస్ 90 ఎందుకు? డైరీలో చూసి చెప్పు.

నాగావళి19
44, 45, 46 మూడింటికీ సున్నాలు ఉన్నాయక్కా. ఉక్కగా ఉంది, ఎడమచేతి గ్లవ్ లోపల తడిసి జారింది. విప్పి తుడుచుకుని మళ్లీ వేసుకున్నాను. కళ్లు మూసి చూడటం మర్చిపోయాను. మూడూ కుడికే. నాలుగోదానికి ముందు గుర్తొచ్చి పాదం సర్దాను, 10 పడింది.

కిమిడి_అక్క
గ్లవ్ లోపల పల్చటి నూలు గుడ్డ గ్లవ్ ఒకటి వేసుకో, చెమట పీలుస్తుంది. రెండు జతలు పెట్టుకుని మధ్యలో మార్చు. మార్చాక కళ్లు మూసుకో.

వంశధార_వాసు
రాయగడ నుంచి నాకు గంటన్నర. ఆదివారం గోడౌన్‌కి వచ్చి చూడొచ్చా? కొట్టను, చూస్తానంతే.

నాగావళి19
వచ్చెయ్ అన్నా. తొమ్మిదింటికి మొదలెడతాను, 75 నిమిషాల దాకా మాట్లాడను, ఏమీ అనుకోకు. బూట్లు వేసుకురా, మిల్లు లోపల మేకులుంటాయి. కళ్లద్దాలు ఒక జత నా దగ్గర ఎక్కువ ఉన్నాయి. అయ్యాక అమ్మ ఉప్మా పెడుతుంది, ముందు చేతులు కడుక్కోవాలి.